అరవై అంటే ఇరవై

నిన్న రాత్రి ఉండి ఊరి దగ్గర ఒక రొయ్యల చెరువు పట్టుబడి. నీళ్లు తోడే డీజిల్ ఇంజను ఒక గట్టు మీద, పక్క చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు, మధ్యలో వల లాగేవాళ్ల కేకలు. ఆ రొదలో నేను హెడ్‌సెట్ పెట్టుకుని ఫోనులో చెప్పిన ప్రతి అంకె అవతలివాళ్లకు మొదటిసారే అర్థమైంది. దీనికే ఇంత సంబరమా అనుకునేవారికి నా ఐదు నెలల అవస్థ తెలియదు.

రైతుకూ కంపెనీకీ మధ్య నిలబడి రొయ్యలు కొనిపించడం నా పని. ఒక చేతిలో టార్చి, మరో చేతిలో కౌంటు చూసే బుట్ట. కిలోకు ఎన్ని తూగాయో లెక్కపెడుతుండగానే ఫోను మోగుతుంది. తడి చేతులతో జేబులో వెతుక్కోలేక హెడ్‌సెట్ కొనాలనుకున్నాను.

మొదట కొన్నవి చెవిలో దూరిపోయే చిన్న గుళికలు. తొమ్మిదో రోజున కుడివైపుది చెరువులో పడింది. ఎడమది మా అబ్బాయి పాటలు వినడానికి తీసుకున్నాడు.

రెండోది మెడలో వేసుకునేది, 2,400 రూపాయలు. భీమవరంలో ఏసీ నడుస్తున్న కొట్లో నా చెవిలో పెట్టి, "బయటి శబ్దం మొత్తం ఆపేస్తుందండి" అన్నాడు అమ్మేవాడు. నిజంగానే ఆపింది. వీధిలోకి వచ్చి నిలబడితే ఆటోల మోత సగం తగ్గిపోయింది. మురిసిపోయాను.

వారం తిరగకుండా కాళ్ల మండలంలో మూడు టన్నుల పట్టుబడి. ఐసు ఫ్యాక్టరీకి ఫోను చేసి అరవై దిమ్మలు పంపమన్నాను. ఆయన మాట నాకు గంట కొట్టినట్టు వినిపిస్తోంది కాబట్టి నా మాట కూడా ఆయనకు అలాగే వినిపిస్తోందనుకున్నాను. తెల్లవారుజామున వ్యాను వచ్చింది. అందులో ఉన్నవి ఇరవై! వల అప్పటికే ఒడ్డుకు చేరింది. ట్రేలలో రొయ్యలు, వాటి మీద చాలీచాలని ఐసు. రైతు నాకంటే పదేళ్లు పెద్దవాడు, మా ఊరి వరసకు బావగారు. అందరి ముందూ ఒక్కటే మాట అన్నాడు: "ఏమండీ బావగారూ, లెక్క రానివాళ్లకు లెక్కల పని ఎందుకండీ?" రెండో వ్యాను వచ్చేదాకా నేను తల ఎత్తలేదు.

తరువాత తెలిసింది అసలు సంగతి. శబ్దాన్ని ఆపే ఆ ఏర్పాటు వినేవాడి చెవి కోసం. నా చుట్టూ ఉన్న రొద నా చెవిలో పడకుండా చేస్తుందే తప్ప, నా మాటతో కలిసి అవతలికి పోకుండా చేయదు. అది మైకు చేయాల్సిన పని. మెడలో వేలాడేదానికి మైకు ఛాతీ దగ్గర ఉంటుంది. నా నోటికి, ఇంజనుకు మధ్య అది ఎవరి మాట వినాలి? అమ్మినవాడు అబద్ధం చెప్పలేదు, అడగనిది చెప్పలేదంతే. అందుకే అతనంటే నాకు ఇంకా కోపం.

మూడో నెలలో అది ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. వారంటీ ఉంది కదా అని తణుకు మీదుగా బస్సెక్కి రాజమహేంద్రవరంలోని సర్వీసు సెంటరుకు వెళ్లాను. టోకెను తీసుకుని రెండు గంటలు కూర్చున్నాను. నా వంతు రాగానే అక్కడి కుర్రాడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదేమిటండీ, రొయ్యల వాసన వస్తోంది?"

మెల్లగా అన్నా బాగుండేది. కుర్చీల్లో ఉన్నవాళ్లందరూ నా వైపు తిరిగారు. ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అతను కాగితం రుమాలు తీసి, రెండు వేళ్లతో చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుని లోపలికి పోయాడు. ఉదయం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చినవాణ్ణి. అయినా నా చేతులు నేనే వాసన చూసుకున్నాను. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ డెల్టాలో ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని చదువులు, ఎన్ని మేడలు రొయ్య మీద నిలబడ్డాయో ఆ కుర్రాడికి ఎవరైనా చెప్పాలి. డబ్బుకు లేని వాసన దాన్ని సంపాదించినవాడికి వచ్చిందా?

పావుగంట తరువాత తిరిగొచ్చి, లోపల అంటించిన తెల్లని చిన్న చుక్క ఎర్రబడిందని, అంటే తడి చేరిందని, వారంటీ వర్తించదని చెప్పాడు. పెట్టె మీద ఐపీఎక్స్5 అని, నీళ్లు చిమ్మినా ఏమీ కాదని రాశారు కదా అన్నాను. "అది మంచినీళ్లకండి" అన్నాడు. అంత కోపంలోనూ ఒప్పుకోవాల్సి వచ్చింది, ఆ పరీక్ష మంచినీటితోనే చేస్తారు. చెమటలో ఉప్పు, చెరువు నీటిలో ఉప్పు ఆ లెక్కలోకి రావు. ఛార్జింగ్ పెట్టే చోట ఉప్పు పేరుకుంటే లోహం తినేస్తుంది. తడి తుడిచి, ఆరాకే ఛార్జింగ్ పెట్టాలి. ఈ ముక్క పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేస్తే వాళ్ల సొమ్మేం పోతుంది? జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఇంకా ఏమీ తేలలేదు. డబ్బు రాకపోయినా ఫిర్యాదు వెనక్కి తీసుకోను.

మూడోసారి ఎవరి మాటా వినలేదు. లారీ డ్రైవర్లు పెట్టుకునే రకం, తల మీదుగా పట్టీ, ఒకే చెవికి మెత్తటి దిండు, నోటి దగ్గరకు వంగే కడ్డీ మైకు. 3,200. కొట్లో పరీక్షించనని ముందే చెప్పాను. రోడ్డు పక్కన చెరకు రసం మిషను తిరుగుతుంటే దాని దగ్గర నిలబడి మా ఆవిడకు ఫోను చేసి అంకెలు చదివాను: అరవై, ఇరవై, డెబ్భై, తొంభై. అన్నీ సరిగ్గా తిరిగి చెప్పింది. "ఎండలో నిలబడి ఎక్కాలు చదువుతున్నారా?" అని కూడా అడిగింది. కొట్టువాడు నవ్వాడు. నవ్వనిమ్మన్నాను.

చెవిలో దూరేవి గంటకే నొప్పి పుట్టించేవి. పెట్టెలో చిన్నా పెద్దా రబ్బరు తొడుగులు ఇస్తారని, మన చెవికి సరిపోయేది మార్చుకోవాలని తెలియక ఆ తొడుగులను పెట్టెతో సహా పారేశాను, అది నా తెలివి. ఈ దిండుతో నాలుగు గంటలు హాయిగా ఉంటుంది, కాకపోతే మే నెలలో చెమట పడుతుంది. ఒక చెవి ఖాళీగా ఉండటం గట్టు మీద నడిచేవాడికి అవసరం కూడా. వెనుక ట్రాక్టరు వస్తే వినపడాలి.

బ్లూటూత్ 5.3 అని గొప్పగా చెబుతారు. ఆ అంకెకు, మీ మాట స్పష్టతకు సంబంధం లేదు. ఛార్జింగ్ "నలభై గంటలు" వస్తుందన్నది పాటల లెక్క, మాట్లాడే గంటలు విడిగా అడగండి. ఇంకొకటి, ఇంట్లో బాగా పనిచేసి చెరువు మీద మాట తెగిపోతుంటే వస్తువును తిట్టకండి. మనిషి ఒళ్లు ఆ బ్లూటూత్ తరంగాలను మింగేస్తుంది. ఇంట్లో గోడలకు తగిలి తిరిగి వస్తాయి, బయలులో గోడలు లేవు. కుడి చెవికి పెట్టుకుంటే ఫోను కుడి జేబులోనే ఉంచండి. ఇది నాకు ఏ కొట్టువాడూ చెప్పలేదు, జేబులు మార్చి మార్చి నేనే పట్టుకున్నాను. ఇప్పుడు మా దగ్గర ముగ్గురు మధ్యవర్తులు కొనే ముందు నన్నే అడుగుతున్నారు.

నిన్న రాత్రి మళ్లీ అదే ఐసు ఫ్యాక్టరీ ఆయన. అరవై దిమ్మలు అన్నాను. "అరవైయేనా అండీ, ఆరు పదులు?" అన్నాడు నవ్వుతూ. ఆరు పదులేనన్నాను. వ్యాను రాగానే టార్చి వేసి, ఒక్కొక్కటీ ముట్టుకుని లెక్కపెట్టాను.