లైప్‌జిగ్‌లో మావయ్య ట్రంపెట్

మా మావయ్యది గుంటూరులో పెళ్లిళ్ల బ్యాండు. నాకు ట్రంపెట్ నేర్పింది ఆయనే. కాగితం లేదు, నొటేషన్ లేదు. "మూడు వాల్వులూ వదిలేసి ఊదితే వచ్చేదే నీ స" అన్నాడు, మిగతా లెక్కంతా అక్కణ్ణుంచే. ఉద్యోగం వచ్చి జర్మనీకి బయల్దేరుతుంటే మీరట్‌లో తయారైన తన పాత ట్రంపెట్ నా చేతిలో పెట్టాడు. లగేజీలో వేస్తే సొట్టపోతుందని విమానంలోకి వెంటే తెచ్చుకున్నాను.

ఇక్కడ లైప్‌జిగ్‌లో దిగాక నన్ను పట్టుకున్న దిగులు ఒకటే: అపార్ట్‌మెంట్లో దీన్ని ఎక్కడ ఊదేది? ఆదివారం గోడకు మేకు కొట్టినా పక్కింటివాళ్లు తలుపు తడతారని ముందొచ్చిన తెలుగువాళ్లు చెప్పారు. కొన్నాళ్లు మ్యూట్, అంటే శబ్దం తగ్గించడానికి ట్రంపెట్ నోట్లో దూర్చే బిరడా, పెట్టుకుని వాయించాను. మ్యూట్‌తో ఊపిరి ఎదురు తంతుంది, శ్రుతి పైకి జరుగుతుంది, సొంత నాదమే వినపడదు.

ఆఫీసులో ఒకాయన చెబితే తెలిసింది, ఈ సంగతి మీద ఇక్కడి ఫెడరల్ కోర్టు 2018 అక్టోబరులో తీర్పే ఇచ్చిందని. ఆగ్స్‌బర్గ్‌లో ఒక థియేటర్ ట్రంపెట్ వాద్యకారుడు ఇంట్లో సాధన చేస్తుంటే పక్కింటివాళ్లు కోర్టుకెక్కారు. ఇంట్లో సంగీతం వాయించుకోవడం మామూలు బతుకులో భాగమే, పూర్తిగా ఆపమనడానికి వీల్లేదంది కోర్టు. పనిరోజుల్లో రెండు మూడు గంటలు, ఆదివారాలూ సెలవుల్లో గంట నుంచి రెండు గంటలు, మధ్యాహ్నం, రాత్రి విశ్రాంతి వేళలు మినహాయించి. ఇది ఉజ్జాయింపు కొలతే. ఎవరి బిల్డింగ్ నిబంధనలు వాళ్లు చదువుకోవాలి. నేను చదువుకుని, కింద ఇంటి పెద్దావిడను వెళ్లి అడిగాను. సాయంత్రం ఐదింటికి కుక్కను తిప్పడానికి వెళ్తారట. "అప్పుడు గట్టిగా వాయించుకోండి" అన్నారు. ఆ ఐదు గంటల వేళ నాకు దొరికిన రోజు నుంచీ ఈ ఊరు నాదనిపించింది.

ఇక్కడి ప్రొటెస్టెంట్ చర్చిలకు పొజౌనెన్‌కోర్ అని సొంత ఇత్తడి వాద్యబృందాలుంటాయి. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, హార్న్‌లు, ట్యూబా. దేశమంతటా వేల బృందాలు, దాదాపు అందరూ నాలాంటి ఔత్సాహికులే. యునెస్కో ఒడంబడిక ప్రకారం జర్మనీ రాసుకునే వారసత్వ జాబితాలో 2016లో ఈ సంప్రదాయాన్ని చేర్చారు. మా బృందంలో నాకు ఒకవైపు స్కూలు పిల్ల, మరోవైపు రైల్వేలో రిటైరైన తాతగారు. ఆయన ట్రంపెట్‌కి మనలా పైకీ కిందికీ కదిలే పిస్టన్లుండవు, తిరిగే వాల్వులు. దాన్ని అడ్డంగా పట్టుకుంటారు.

వాళ్ల పుస్తకాలు మాత్రం వేరు. మాది బి ఫ్లాట్ ట్రంపెట్, అంటే వాల్వులేవీ నొక్కకుండా ఊదితే పియానోలోని బి ఫ్లాట్ స్వరం మోగుతుంది. మామూలు ట్రంపెట్ పుస్తకంలో సి అని ఉంటే వాల్వులేవీ నొక్కం. ఈ బృందాల్లో పియానోలో మోగినట్టే రాస్తారు కాబట్టి కింది సికి ఒకటో వాల్వూ మూడో వాల్వూ నొక్కాలి. యోహానెస్ కూలో (1856–1941) అనే పాస్టరు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. కీర్తనల పుస్తకం ముందు పెట్టుకుని నేరుగా వాయించేయవచ్చు. వేరే పద్ధతిలో చదివి వచ్చినవాళ్లు దీంతో తికమకపడతారు. నేను కాగితం మీద నేర్చుకోలేదు గనక మరిచిపోవాల్సిందేమీ లేకపోయింది. మావయ్య చెప్పిన స వాళ్ల పుస్తకంలో బి ఫ్లాట్ దగ్గరుందని గుర్తుపెట్టుకున్నాను, అంతే.

అక్టోబరు 31 రిఫర్మేషన్ పండుగకు, అంటే లూథర్ చర్చి సంస్కరణను తలుచుకునే రోజుకు, మా సాక్సనీ రాష్ట్రంలో సెలవు. ఆ రోజు మేం వాయించిన లూథర్ కీర్తనను మా అమ్మమ్మ గుంటూరు చర్చిలో తెలుగు మాటలతో పాడేది. గుంటూరులో 1842లో లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ పుట్టింది జర్మనీలోనే, హెల్మ్‌స్టెట్‌లో. రెండో వరసలో కూర్చుని అమ్మమ్మ కీర్తనకు కింది గొంతు వాయిస్తుంటే నాకు కళ్లు తడిశాయి.

డిసెంబరులో ఆరుబయట వాయించడం వేరే చదువు. గాలి చల్లబడితే శబ్దవేగం తగ్గుతుంది: 40 డిగ్రీల్లో సెకనుకు 355 మీటర్లు, సున్నా దగ్గర 331. మే నెల ఊరేగింపుల్లో మావయ్య ట్యూనింగ్ స్లైడు (శ్రుతి సరిచేసే గొట్టం) బయటికి లాగేవాడు. ఇక్కడ మొత్తం లోపలికి నెట్టినా శ్రుతి కిందికే దిగుతుంది. పాటకూ పాటకూ మధ్య వెచ్చటి ఊపిరి వదులుతూ ఉండాలి.

పాత టౌన్‌హాల్ మ్యూజియంలో గోట్‌ఫ్రీట్ రైఖె చిత్రపటం ఉంది. స్వరకర్త బాఖ్‌కి ట్రంపెట్ వాయించినవాడు, ఈ ఊరి కొలువులో ఉన్న వాద్యకారుడు. 1734 అక్టోబరు 5 రాత్రి రాజుగారి ముందు ఆరుబయట కచేరీ చేసి మర్నాడు కుప్పకూలి చనిపోయాడు. కాగడాల పొగ, ఊదిన అలసట కలిసి ప్రాణం తీశాయని అప్పట్లో రాసిపెట్టారు. ఈ కథ ఫోన్లో చెబితే మావయ్య చాలాసేపు ఏమీ అనలేదు. పెట్రోమాక్స్ లైట్ల వెనక రాత్రంతా నడిచి ఊదినవాడాయన. "ఆయన వాయించిన పాట ఏదైనా పంపు అల్లుడూ" అన్నాడు.

రైఖె సొంతంగా కట్టి 1696లో అచ్చేసిన నాలుగు వాద్యాల పాటలున్నాయి. అందులో ఒకదానికి సరిగమలు రాస్తున్నాను. పై రెండు గొంతులు అయ్యాయి. ట్రాంబోన్ల వరసలు మావయ్య బ్యాండులో యుఫోనియం వాళ్లకు సరిపడేలా మార్చాలి, ఈ వారం ఆ పనే.