ఎడమ చేతికి పని లేని ప్రయాణం

న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్ ప్రయాణం ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే ముందు నాకు గుర్తొచ్చేది స్తంభాలే. న్యూయార్క్ పెన్ స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద ఇన్ని స్తంభాలున్నాయని, చూపులేని నాకు దారి చూపిన కుక్క డెల్లాతో తిరిగినన్నాళ్లూ నాకు తెలియనే తెలియదు. అలాంటి గైడ్ డాగ్ పక్కనుంటే అడ్డమొచ్చిన దాన్ని చుట్టి తీసుకెళ్లిపోతుంది. అక్కడ ఏదో ఉందన్న సంగతి కూడా మన దాకా రాదు. తెల్ల కర్రతో అలా కుదరదు. ఏముందో తెలియాలంటే దానికి తగలాల్సిందే. టంగ్ మంటే స్తంభం, బోలుగా మోగితే చెత్తబుట్ట, మెత్తగా తగిలితే ఎవరిదో బ్యాగు. బ్యాగు కాకపోతే ఎవరిదో కాలు. సారీలు చెప్పుకుంటూ రైలు తలుపు దొరికించుకునేసరికి చెమటలు పట్టాయి.

డెల్లా రిటైర్ అయ్యింది. నల్ల లాబ్రడార్. ఆరోగ్యంగా ఉంటే గైడ్ డాగ్‌లు చాలావరకు ఎనిమిది, పదేళ్ల వయసు దాకా పని చేస్తాయి. డెల్లా సంగతి డాక్టరు కంటే ముందు నాకు హార్నెస్ పిడి, అంటే దాని ఒంటికి కట్టిన పట్టీల నుంచి నా చేతికొచ్చే పిడి, చెప్పింది. కుక్క భుజాల కదలికంతా ఆ పిడిలోంచి చేతికి తెలుస్తుంది. తల తిప్పినా, అడుగు తడబడినా, మనసు లేకపోయినా. ముందు పిడిలో లాగుడు తగ్గింది. తర్వాత మెట్ల దగ్గర ఆగడం మొదలైంది. మెట్లొచ్చాయని చెప్పడానికి ఆగడం వేరు, ఎక్కడానికి ధైర్యం చాలక ఆగడం వేరు. నేను చాలాకాలం ఆ రెండో రకాన్ని మొదటి రకం లాగే లెక్కేసుకుంటూ వచ్చాను. చివరికి లారీల మోత ఉన్న కూడలిలో అది నా కాలికి ఆనుకుపోయి కదలనంది. ఆ రోజే ఇంటికొచ్చి, దాన్ని నాకు ఇచ్చిన గైడ్ డాగ్‌ల బడికి ఫోన్ చేశాను.

ఇప్పుడది అక్కావాళ్లతో, నాతో ఇంట్లోనే ఉంటోంది. పోనీ ఈ ప్రయాణానికి దాన్ని కూడా తీసుకెళ్లొచ్చు కదా అంటారేమో. కుదరదు. పనిలో ఉన్నంతకాలం చట్టం ప్రకారం దానికి రైళ్లు, హోటళ్లు, ఆసుపత్రులు అన్నీ తెరిచే ఉంటాయి. హార్నెస్ దిగగానే అది మామూలు పెంపుడు కుక్క. అలాంటి వాటిని ఈ రైల్లో సంచిలోనో పెట్టెలోనో పట్టేంత చిన్నవైతేనే ఎక్కనిస్తారు. లాబ్రడార్‌ని ఏ సంచిలో పెడతాం? ఎన్నోసార్లు నా సీటు కింద ముడుచుకుని పడుకున్న రైలు, దానికి ఒక్కరోజులో పరాయిదైపోయింది. చట్టంలో న్యాయం లేదని అనను. కానీ కడుపు మండింది.

రైల్లో ఇంకో తేడా తెలిసింది. కుక్క ఉన్నప్పుడు ఎవరో ఒకరు పలకరించేవాళ్లు. పేరేమిటి, వయసెంత, మా ఇంట్లోనూ ఒకటుంది, ముట్టుకోవచ్చా? అప్పట్లో విసుగొచ్చేది. పనిలో ఉన్న కుక్కను ముట్టుకోకూడదని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టేది. ఈసారి గంటకు పైగా ప్రయాణంలో నాతో ఎవరూ మాట్లాడలేదు. నా పక్కన కూర్చున్నాయన తర్వాతి స్టేషన్లో లేచి వేరే సీటుకి వెళ్లాడు. సమ్మిట్ దగ్గర మాత్రం ఒకాయన అడగకుండానే నా మోచెయ్యి పట్టుకుని లేపబోయాడు. నేను దిగాల్సింది అక్కడ కాదు, చాథమ్, మాడిసన్, కాన్వెంట్ స్టేషన్ దాటాక అని చెప్పాను. వదిలేసి, ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. డెల్లా ఉన్నప్పుడు నన్నిలా పట్టుకున్నవాళ్లు తక్కువ. అదేం అరిచేది కాదు, కరిచేది కాదు. అదక్కడ ఉంటే చాలు, నేను ఎక్కడికో వెళ్తున్న మనిషిలా కనిపించేదాన్ని.

తెలిసినవాళ్లంతా అడిగేది ఒకటే: "పాపం, డెల్లాకి బెంగగా లేదా?" లేదండీ. అది శుభ్రంగా ఉంది. అన్నేళ్లూ పనిలో వాసన చూడకూడదు, ఉడతను చూడకూడదు. ఇప్పుడు ప్రతి చెట్టునూ తనివితీరా వాసన చూస్తోంది, పొద్దెక్కేదాకా పడుకుంటోంది, బరువు కూడా పెరిగింది. మొదట్లో నేను కర్ర తీసిన చప్పుడు వినగానే తలుపు దగ్గరికి వచ్చి నిలబడేది. దాన్ని వెనక్కి పంపడం నావల్ల కాక నేనే మళ్లీ కూర్చుండిపోయేదాన్ని. ఇప్పుడు తల కూడా ఎత్తదు. అది నాకు ఇంకా కష్టంగా ఉంది. నా గురించి మాత్రం ఎవరూ అడగరు. కర్ర ఉండేది కుడి చేతిలో. ఎడమ చేయి రైలంతా దేనికోసమో వెతుక్కుంది. జేబులో పెట్టాను, బ్యాగు పట్టీకి చుట్టాను, చివరికి దాని మీద కూర్చున్నాను.

మోరిస్‌టౌన్‌కి ఎందుకు వెళ్లానో చెప్పలేదు కదా. డెల్లాను ఇచ్చిన బడి, 'ద సీయింగ్ ఐ', ఆ ఊరి పక్కనే ఉంది. కొత్త కుక్కకు దరఖాస్తు ఫోన్లో అలాగే పడి ఉంది. తెరవడం, మూసేయడం. దాన్ని పంపేముందు కుక్క లేకుండా ఒకసారి ఆ ఊళ్లో నడవాలనిపించింది. పనిలో పనిగా ఊరి మధ్య పార్కులో ఉన్న మోరిస్ ఫ్రాంక్, అతని గైడ్ డాగ్ బడ్డీల విగ్రహాన్ని కూడా చూడాలనుకున్నాను. చూడటమంటే నా విషయంలో తడమటమే.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1927లో డొరొతీ యూస్టిస్ అనే ఆవిడ, జర్మనీలో యుద్ధంలో చూపు పోయిన సైనికులకు కుక్కలు దారి చూపిస్తున్నాయని ఒక పత్రికలో రాసింది. నాష్‌విల్‌లో చూపులేని ఇరవై ఏళ్లలోపు కుర్రాడు ఫ్రాంక్ ఆ వ్యాసం చదివించుకుని విని ఆవిడకు ఉత్తరం రాశాడు. 1928లో స్విట్జర్లాండ్ వెళ్లి బడ్డీతో తిరిగొచ్చాడు. న్యూయార్క్‌లో విలేకరుల ముందు, నోరెత్తితే మాట వినపడనంత రద్దీ ఉన్న రోడ్డును కుక్కను నమ్మి దాటాడు. 1929లో ఈ సీయింగ్ ఐ బడి మొదలైంది. బడ్డీ 1938లో పోయింది. ఆ తర్వాత వచ్చిన కుక్కలకూ ఫ్రాంక్ బడ్డీ అనే పేరే పెట్టుకున్నాడు.

ఆ చివరి వాక్యమే నాకు ఎప్పుడూ గొంతులో అడ్డం పడేది. కొత్త కుక్కను ఆ పేరుతో ఎలా పిలవగలిగాడు?

విగ్రహం చేతికందేలా ఉంది. కంచు, నిలువెత్తు. నా వేళ్లు ముందు హార్నెస్ పిడినే వెతికి పట్టుకున్నాయి, నేను చెప్పకుండానే. పిడి చల్లగా, బిగుసుకుని ఉంది. లాగుడు లేదు. 2005 నుంచి ఆ కుక్క హార్నెస్‌లోనే నిలబడి ఉంది, దానికి రిటైర్‌మెంట్ లేదు. ఏడుపొస్తుందనుకున్నాను, కోపమొచ్చింది. ఎవరి మీదో చెప్పలేను.

అక్కడ బెంచీ మీద ఒక పెద్దావిడ ఉంది. తనే పలకరించింది, ఆ రోజంతటిలో మొదటి పలకరింపు. కర్ర చూసి కూడా "మీ కుక్క ఏది?" అని అడిగింది. బడి కోసం కుక్కపిల్లల్ని పెంచి ఇచ్చేవాళ్లలో ఆవిడ ఒకరట. ఏడెనిమిది వారాల పిల్లను తెచ్చుకుని, ఏడాది దాటాక తిరిగి అప్పగించడం. ఇచ్చిన ప్రతిసారీ ఏడుస్తుందట, ఆ తర్వాత మళ్లీ ఇంకో పిల్లను తెచ్చుకుంటుందట. "ఒకటి రిటైర్ అయ్యాక మళ్లీ నా దగ్గరికే వచ్చింది," అంది. కాసేపాగి, "మీదాన్ని పెంచినవాళ్లకు ఇవ్వలేదా?" అని అడిగింది.

ఆ మాట గుచ్చుకుంది. వాళ్లు అడిగారు, నేను ఇవ్వనన్నాను. కొత్త కుక్క వస్తే ఇంట్లో పాతది చిన్నబుచ్చుకుంటుందని ఆవిడ వాదన. నన్ను రోజూ వీధి దాటించినదాన్ని ముసలిదయ్యాక పంపేయలేనని నేను. వాళ్లింటికి పంపడం పంపేయడం కాదని ఆవిడ. ఇద్దరం గట్టిగానే మాట్లాడుకున్నాం. ఆవిడ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. కానీ ఆ రోజు నాతో జాలి లేకుండా మాట్లాడింది ఆవిడ ఒక్కతే.

బడి ఫీజు మీద నాకున్న గొడవ కూడా ఆవిడతోనే చెప్పుకున్నాను. మొదటి కుక్కకు 150 డాలర్లు, తర్వాత వచ్చే ప్రతి కుక్కకూ 50. శిక్షణకయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది నామమాత్రమేనని తెలుసు. అయినా రెండోదానికి తగ్గింపు ఏమిటి? రెండోసారి కష్టం తక్కువా? ఆవిడ పెద్దగా నవ్వింది. తర్వాత పేర్ల సంగతి ఎత్తింది. ఒకే ఈతలో పుట్టిన పిల్లలన్నిటికీ ఒకే అక్షరంతో పేర్లు పెట్టేది బడేనట. అంటే నా దగ్గరికొచ్చే కుక్క పేరుతోనే వస్తుంది, నేను పెట్టేదేమీ ఉండదు. డెల్లా కూడా అలాగే వచ్చిందని అప్పుడు గుర్తొచ్చింది. ఎందుకో ఊపిరి ఆడింది.

తిరుగు రైల్లో దరఖాస్తు సగం నింపాను. మిగతాది అక్కతో మాట్లాడాక. కొత్తదానికి హార్నెస్ వేసేటప్పుడు డెల్లాను వేరే గదిలో ఉంచాలా, పొద్దున ముందు ఎవరిని బయటికి తీసుకెళ్లాలి, ఇవన్నీ తేల్చుకోవాలి. అక్క మాత్రం రెండో కుక్క వెంట్రుకలు తను ఊడ్చేది లేదని ఫోన్లోనే చెప్పేసింది.