క్లెన్ వేస్తే హెచ్‌డీఎల్ పెరుగుతుందట, మరి గుండె సంగతి?

బెంగళూరులో మారతహళ్లి, మున్నేకొళాల వైపు జిమ్ముల్లో ఈమధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. కండల కోసం కొన్ని వారాలు వేసే స్టెరాయిడ్ సైకిల్లో పడిపోయిన హెచ్‌డీఎల్‌ని, అంటే మంచి కొలెస్ట్రాల్‌ని, క్లెన్ (క్లెన్‌బ్యుటరాల్ అనే మందు) మళ్ళీ లేపుతుందట, అందుకని ఒంట్లో కొవ్వు తగ్గించే కటింగ్‌లో రెండూ కలిపి వేసుకుంటే గుండెకి కూడా మంచిదేనట. నేను ఇక్కడే ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుని, సాయంత్రం అయితే పీజీల నుంచి మన తెలుగు కుర్రాళ్ళు వచ్చి ఇదే అడుగుతున్నారు, అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు ఇందులో నిజం ఎంతుందో చెప్తా. క్లెన్‌బ్యుటరాల్ ఆస్తమా మందే, ఆస్థాలిన్ ఇన్హేలర్‌లో ఉండే సాల్‌బ్యుటమాల్ కుటుంబమే. ఊపిరి గొట్టాల చుట్టూ బిగుసుకున్న కండని వదులు చేస్తుంది, అది పట్టుకునే బీటా రిసెప్టర్లు (కణాల మీద మందు అతుక్కునే చోట్లు) కొవ్వు కణాల మీద కూడా ఉంటాయి కాబట్టి అక్కడ కొవ్వు కరిగి రక్తంలోకి వస్తుంది, మనోళ్ళు దీని వెంట పడేది అందుకే. ఈ కుటుంబంలోదే టెర్బ్యుటలిన్, ఆ మాత్రలు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఇస్తే హెచ్‌డీఎల్ కొంచెం పెరిగిందని 1981లోనే చూశారు. దీనికి ఎదురు పని చేసే ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లేమో హెచ్‌డీఎల్‌ని కాస్త తగ్గిస్తాయి. అంటే ఈ మాట గాల్లోంచి పుట్టలేదు.

కానీ ఆ కొంచెం దేన్ని పూడుస్తుంది? 1989లో వెయిట్ లిఫ్టర్లకి స్టానజొలాల్ అనే స్టెరాయిడ్ మాత్ర, అదే మనోళ్ళు విన్‌స్ట్రాల్ అనేది, రోజుకి 6 ఎంజీ చొప్పున ఆరు వారాలు ఇచ్చి చూస్తే హెచ్‌డీఎల్ 33 శాతం పడిపోయింది, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 29 శాతం పెరిగింది. ఆరు ఎంజీకే ఇది, జిమ్ముల్లో యాభై ఎంజీ మింగేవాళ్ళు నాకు తెలుసు. అదే లిఫ్టర్లకి వారానికి 200 ఎంజీ టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు హెచ్‌డీఎల్ 9 శాతమే తగ్గింది. నోటి మాత్ర నేరుగా కాలేయానికి వెళ్ళి, హెచ్‌డీఎల్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని రెట్టింపుకి పైగా పెంచేస్తుంది, దెబ్బ అక్కడ పడుతుంది.

మొన్న నంద్యాల కుర్రాడొకడు ఫోన్లో లిపిడ్ ప్రొఫైల్, అంటే కొలెస్ట్రాల్ రిపోర్టు, చూపించాడు, హెచ్‌డీఎల్ 21, ఎల్‌డీఎల్ 168. "అన్నా, కోచ్ క్లెన్ ఇచ్చాడు, ఇది నలభైకి వచ్చేస్తుందన్నాడు, నిజమేనా?" అని అడిగాడు. నేను అంకెలు చదువుదామంటే ఫోన్ చేతిలో వణుకుతోంది, స్క్రీన్ నిలబడట్లేదు. కౌంటర్ మీదున్న ఆక్సీమీటర్ వేలికి పెడితే పల్స్ 112, అదీ స్టూల్ మీద కూర్చుని. ఎన్నాళ్ళుగా వేస్తున్నావు రా అంటే తల దించుకున్నాడు. మంచి కుర్రాడు, ఇంటికి నెలనెలా డబ్బులు పంపిస్తాడు, నాకు నిజంగా భయమేసింది.

సరే, నలభైకి వచ్చిందే అనుకుందాం. హెచ్‌డీఎల్ అంకె పెరిగినంత మాత్రాన గుండె బాగుపడదని చాలా ఖరీదైన ట్రయల్‌లోనే తేలింది. ఫైజర్ కంపెనీ వాళ్ళ టార్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ని 70 శాతానికి పైగా పెంచింది, ఎల్‌డీఎల్‌ని కూడా తగ్గించింది, అయినా మందు వేసుకున్న గ్రూపులోనే మరణాలు ఎక్కువయ్యాయని 2006 డిసెంబర్లో ట్రయల్ ఆపేశారు. పదిహేను వేలమంది మీద తేలిన సంగతి ఇది. అలాంటిది రిపోర్టులో ఒక లైన్ మారిందని గుండెకి రక్షణ దొరికినట్టు ఎలా అనుకుంటాం?

పైగా క్లెన్ గుండె మీద చేసే అసలు పని లిపిడ్ రిపోర్టులో కనపడదు. ఇది ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 35 గంటలు పడుతుంది, సాల్‌బ్యుటమాల్‌కి కొన్ని గంటలే, కాబట్టి రోజూ వేసుకుంటే నిన్నటిది ఉండగానే ఇవాళ్టిది చేరుతుంది. గుండె వేగం పెరుగుతుంది, పొటాషియం రక్తంలోంచి కణాల్లోకి పోయి తగ్గిపోతుంది, లయ తప్పే ప్రమాదం అక్కడే. బాడీబిల్డింగ్ షో ముందు ఒంట్లో నీళ్ళు దిగాలని మూత్రం ఎక్కువ పోయించే లాసిక్స్ కూడా వేస్తారు చూడండి, అది పొటాషియంని ఇంకా బయటికి తోసేస్తుంది, నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఈ కలయికే. అమెరికాలో క్లెన్‌కి గుర్రాల ఊపిరి జబ్బుకి తప్ప మనుషులకి అనుమతే లేదు.

ఆ కుర్రాడికి చెప్పింది ఇదే, క్లెన్ ఇక ముట్టుకోకు, రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే వెళ్ళి ఈసీజీ, పొటాషియం చేయించు, డాక్టర్ దగ్గర వేసుకున్న ప్రతి మందు పేరూ దాచకుండా చెప్పు, మిగతా సైకిల్ ఎలా ఆపాలో ఆయన్నే చెప్పనివ్వు. స్టెరాయిడ్ మాత్రలు ఆపితే కొన్ని వారాల నుంచి నెలల్లో హెచ్‌డీఎల్ చాలామందికి దానంతటదే పైకొస్తుంది, దానికి ఇంకో మందు అక్కర్లేదు.

ఇక నిజంగా ఆస్తమా ఉండి జిమ్‌కి వెళ్ళేవాళ్ళు ఇదంతా చదివి ఇన్హేలర్ మానేయొద్దు దయచేసి. ఆస్థాలిన్ ఒక పఫ్ అంటే 100 మైక్రోగ్రాములు, అదే సాల్‌బ్యుటమాల్ 4 ఎంజీ మాత్ర అంటే అలాంటివి నలభై. డాక్టర్ చెప్పినట్టు తీసుకునే పఫ్‌తో మీ కొలెస్ట్రాల్‌కి ఏమీ కాదు, లాకర్లో దాచిపెట్టకుండా బ్యాగ్ పై జేబులో పెట్టుకోండి.