దించేటప్పుడు కూడా సెల్యూట్ చేయాలా?

ఈ రోజు ఆఫీసులో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. నెలాఖరు లెక్కలు, రెండు మీటింగులు, మధ్యాహ్నం కాసేపు కరెంటు పోవడం, అంతే. కానీ పొద్దున మేడ మీద పక్కింటి పాప అడిగిన ఒక మాట మాత్రం రోజంతా నాతోనే తిరిగింది, రాసి పెట్టుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

రెండు రోజుల ముసురు తర్వాత ఎండ వచ్చిందని బట్టలు ఆరేయడానికి పైకి వెళ్ళాను. ఆగస్టు 15న మా అపార్ట్‌మెంట్ వాళ్ళు పిట్టగోడకి గొట్టం కట్టి ఎగరేసిన జెండా ఇంకా అక్కడే ఉంది. ఎండకీ వానకీ కాషాయం పాలిపోయింది, గాలికి కొట్టుకుని కొట్టుకుని ఒక అంచు పీలికలైంది, అందులో ఒక పీలిక కేబుల్ వైరుకి చుట్టుకుపోయి తడితో బిగుసుకుంది. చూడగానే ప్రాణం ఉసూరుమంది. బట్టల బకెట్ పక్కన పెట్టి స్టూల్ తెచ్చుకుని ముందు ఆ పీలికని వైరు నుంచి మెల్లగా విడదీశాను, తర్వాత తాడు ముడి విప్పడం మొదలుపెట్టాను. నాతో పాటే పైకి వచ్చిన పాప (నాలుగో తరగతి చదువుతోంది) చెప్పులు విప్పి పక్కన పెట్టేసి, కాళ్ళు దగ్గర పెట్టి నిటారుగా నిలబడి, "దించేటప్పుడు కూడా సెల్యూట్ చేయాలా ఆంటీ?" అంది.

చెయ్యి తల్లీ అన్నాను. దించుతున్నంతసేపూ చెయ్యి దించలేదు ఆ పిల్ల.

తర్వాత ఇద్దరం కలిసి మడతపెట్టాం. కింద తగలకుండా తను రెండు కొసలు పట్టుకుంది, నేను రెండు. కాషాయాన్నీ ఆకుపచ్చనీ తెలుపు కిందికి మడిచి, ఆ పొడుగు పట్టీని రెండు పక్కల నుంచీ లోపలికి మడిస్తే పైన చక్రం, దాని పక్కన కొంచెం కాషాయం, కొంచెం ఆకుపచ్చ మాత్రమే కనిపిస్తాయి. మడిచిన జెండాని చంకలో పెట్టుకోకూడదు, అరచేతుల మీద మోసుకెళ్ళాలి. పాప అలాగే రెండు చేతుల మీద పెట్టుకుని మెట్లు దిగింది, ఒక్కో మెట్టూ చూసుకుంటూ.

ఈ మడత నాకు నేర్పింది మా డ్రిల్లు మాస్టారు. జెండా పండుగ ముందు రోజు మా స్కూల్లో పాఠాలుండేవి కావు. రంగు కాగితాలు మూడు కోణాలుగా కత్తిరించి, ఉడికించిన మైదా జిగురుతో పురికొసకి అంటించి వరండా పొడుగూతా కట్టేవాళ్ళం. జెండా దిమ్మెకి సున్నం, చుట్టూ ముగ్గు. అసలు పని మాస్టారిది. జెండాలో బంతిపూల రెక్కలు పెట్టి చుట్టడం, లాగితే ఒక్క ఊపున ఊడే ముడి వేయడం. తెల్లారి హెడ్మాస్టరు గారు లాగినప్పుడు ముడి బిగుసుకుంటే ఎలా అని, ముందు తన తువ్వాలులో పూలు పెట్టి కట్టి, గుంజ మీదికి ఎక్కించి, మాచేత లాగించి చూసేవారు. తువ్వాలు విడిపోయి రెక్కలు మా నెత్తిన పడితే గానీ ఆయనకి ఆ టెన్షన్ పోయేది కాదు. తాడు లాగాల్సింది కిందికా పక్కకా, ఎంత జోరుగా, అన్నీ ఆ సాయంత్రమే తేలిపోవాలి.

పండుగ రోజు పొద్దున ఊరంతా ఉండేది. ప్రభాత భేరి, నినాదాలు, సర్పంచి గారి ప్రసంగం, చాక్లెట్లు. కాషాయం త్యాగానికి, తెలుపు శాంతికి, ఆకుపచ్చ పంటలకి అని బట్టీ పట్టింది గడగడా అప్పచెప్పేవాళ్ళం, అప్పుడు మా దేశభక్తి అంటే గొంతు ఎంత పెద్దగా లేస్తే అంత. అది తప్పని నేననను, ఆ వయసులో ప్రేమ అలాగే కదా బయటికి వచ్చేది. కానీ నాకు లోపల నాటుకుపోయింది మాత్రం ఆ సాయంత్రాలు. పొద్దు గుంకక ముందే మాస్టారు నలుగురైదుగురిని పేరు పెట్టి పిలిచేవారు. మైకు ఉండేది కాదు, చాక్లెట్లు ఉండేవి కావు, చూసేవాళ్ళూ ఉండేవాళ్ళు కాదు. పొద్దున్న ఎంత నిటారుగా నిలబడ్డామో అంతే నిటారుగా నిలబెట్టి, జెండాని నెమ్మదిగా దించి మా చేతుల మీద పెట్టి మడతపెట్టించి, బీరువాలో దాచి తాళం వేసి, ఇక ఇంటికి పొండి అనేవారు. పొద్దున వందమందిలో అరిచిన జై కన్నా, సాయంత్రం నా చేతుల్లో పడ్డ ఆ ఖద్దరు బరువే నాకు ఇప్పటికీ బాగా గుర్తు.

బస్సులో కూర్చుని ఇవన్నీ తలుచుకుంటుంటే ఇంకొకటి తట్టింది. ఒకప్పుడు మామూలు జనం ఏడాది పొడుగునా ఇంటి మీద జెండా ఎగరేసుకోవడానికి వీల్లేదు. 2002 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన ఫ్లాగ్ కోడ్‌తో ఆ అవకాశం వచ్చింది, మర్యాదగా జెండా ఎగరేసుకోవడం పౌరుడి ప్రాథమిక హక్కేనని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. 2021 చివర్లో పాలిస్టర్ జెండాలకీ అనుమతి వచ్చింది, 2022లో ఇళ్ళ మీద రాత్రి కూడా ఉంచొచ్చన్నారు. ప్రతి ఇంటి మీదా జెండా ఎగరడం నాకు నిజంగా సంతోషమే. కాకపోతే సాయంత్రం దించాలన్న నియమం పోవడంతో అసలు దించాలన్న సంగతే చాలామందికి మనసులోంచి పోయింది. చిరిగిన జెండాని ఎగరనివ్వకూడదని అదే కోడ్‌లో ఉంది. ఎగరేసిన రోజు ఫోటోల్లో అందరం ఉంటాం, దించే రోజు కూడా ఎవరో ఒకరు అక్కడ ఉండాలి కదా.

రంగుల అర్థాల గురించి కూడా ఒక మాట. చిన్నప్పుడు బట్టీ పట్టిన వాటికి ప్రాణం వచ్చింది రాజ్యాంగ సభ చర్చలు చదివాకే. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు మన పింగళి వెంకయ్య గారు గాంధీజీకి ఇచ్చిన నమూనాలో ఎరుపు, ఆకుపచ్చ ఉన్నాయి, ఒకటి హిందువులకి, ఒకటి ముస్లింలకి. మిగతా అందరి కోసం తెలుపు, మధ్యలో రాట్నం గాంధీజీ కోరిక మీద చేరాయి. పదేళ్ళ తర్వాత 1931లో ఎరుపు బదులు కాషాయం తీసుకున్నప్పుడు ఈ రంగులు మతాలకి గుర్తులు కావని కాంగ్రెస్ స్పష్టంగా చెప్పింది. ఆ నిర్ణయం అంటే నాకు చాలా గౌరవం. ఫలానా రంగు ఫలానా వాళ్ళదని పంచుకుంటే జెండా ముక్కలవుతుంది, మూడూ అందరివీ అయితేనే అది ఒక్క జెండా.

1947 జులై 22న రాజ్యాంగ సభలో తీర్మానం పెడుతూ నెహ్రూ గారు చెప్పిన కారణం ఇంకా ముచ్చటగా ఉంటుంది. రాట్నం బొమ్మలో చక్రం ఒక వైపు, కదురు ఒక వైపు ఉంటాయి, జెండా వెనక నుంచి చూస్తే తారుమారవుతాయి. ఏ వైపు నుంచి చూసినా ఒకేలా కనిపించాలని రాట్నంలోని చక్రాన్నే ఉంచి, దానికి అశోకుడి ధర్మచక్రం రూపం ఇచ్చారు, 24 ఆకులతో. అదే రోజు మాట్లాడిన రాధాకృష్ణన్ గారు చక్రం అంటే కదలిక అని, కదలకుండా ఉండిపోవడంలో చావు ఉందని, ఆకుపచ్చ అంటే ఈ నేలతో, మన బతుకులన్నిటికీ ఆధారమైన మొక్కలతో మనకున్న బంధమని చెప్పారు. బట్టీ పట్టిన "పంటలు" కన్నా ఇదెంత పెద్ద మాట!

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పాప గుమ్మంలోనే ఉంది, జెండా ఏం చేశారని. బీరువాలో పెట్టానని, ఇంత చిరిగిపోయాక మళ్ళీ ఎగరేయకూడదు కాబట్టి ఆదివారం ఎవరూ లేని చోట ముక్కలు చేయకుండా మొత్తంగా, మర్యాదగా కాల్చేస్తామని చెప్పాను. కాల్చడమా అని మొహం ముడుచుకుంది. చెత్తలో పడకుండా, ఎవరి కాళ్ళ కిందా నలగకుండా, ఎవరూ మసిగుడ్డగా వాడకుండా అలా చేయాలని నిబంధనే ఉందమ్మా అన్నాను. కాసేపు ఆలోచించి, "గుడ్డే కదా ఆంటీ, ఎందుకంత?" అంది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

తోట నరసయ్య నాయుడు గారి గురించి చెప్పాను. 1930లో, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో, మచిలీపట్నం కోనేరు సెంటర్లో ఆయన జెండా ఎగరేయడానికి పైకెక్కితే పోలీసులు లాఠీలతో బాదారు. దెబ్బలు తింటూనే వదల్లేదు, స్పృహ తప్పి పడిపోయేదాకా. ఆయన చేతిలో ఉన్నదీ గుడ్డే. అప్పటికి మనకి స్వాతంత్ర్యం రాలేదు, జెండా పట్టుకుంటే కొట్టే రోజులు, అయినా పట్టుకున్నారు అన్నాను. పాప ఇంకేం అడగలేదు, ఆదివారం తనూ వస్తానంది. వాళ్ళమ్మ సరేనంది.

కొత్త జెండా జనవరి 26కి కొందామని సెక్రటరీ గారు అన్నారు. ఖద్దరుదే తెద్దామని, సాయంత్రం దించే పని మా ఇద్దరికీ ఇమ్మని గ్రూపులో రాశాను.