గొలుసులో లింకు, రోవర్‌లో నానోసెకను

అనంతపురం, కర్నూలు పల్లెల్లో ఇప్పుడు చేను హద్దు తేలుస్తున్నది రోవరే, అంటే కర్రకు బిగించిన జీపీఎస్ సర్వే యంత్రమే. కర్ర నిలబెట్టి, అది నిటారుగా ఉందని చూపే బుడగను మధ్యకు తెచ్చి, తెరమీద ‘ఫిక్స్’ అని పడ్డాక బటన్ నొక్కితే పాయింటు వచ్చేస్తుంది. నిజానికి ఆ యంత్రం కొలిచేది కాలాన్ని. దూరం తర్వాత లెక్కలో తేలుతుంది.

నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు. అంతలోనే వెలుతురు 30 సెం.మీ. పోతుంది. గడియారం ఒక్క నానోసెకను తప్పితే గెనిమ అడుగు మేర జరిగినట్టే.

పాత సర్వే గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, ఒక్కో లింకు 20.1 సెం.మీ. జీపీఎస్ ఉపగ్రహం పంపే ఎల్1 సిగ్నల్ 1575.42 మెగాహెర్ట్జ్, దాని అల పొడవు 19 సెం.మీ. ఇంచుమించు ఒక లింకే! ఒక అల దాటడానికి పట్టే కాలం 0.635 నానోసెకను. ఉపగ్రహం ఉండేది 20,200 కి.మీ. ఎత్తున. నెత్తిమీద ఉన్నప్పుడు దానికీ రోవర్‌కూ మధ్య సుమారు 10.6 కోట్ల అలలు పరచుకుని ఉంటాయి. ఇకమీద ఒక్కో అలనూ లింకు అనే అందాం.

అలలో ఎక్కడున్నామన్నది రోవర్ నూరో వంతు దాకా చదవగలదు. అంటే 2 మి.మీ., కాలంలో ఆరేడు పికోసెకన్లు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు. అంత సన్నగా చదివే యంత్రానికీ మధ్యలో నిండు లింకులు ఎన్నున్నాయో మొదట తెలీదు. తెరమీద ‘ఫ్లోట్’ అని ఉన్నంతసేపూ ఆ లెక్క తేలనట్టు. తేలితే ‘ఫిక్స్’. ఫ్లోట్‌లో తీసిన పాయింటుతో హద్దురాయి పాతడం తప్పు. తొందరలో జరిగే మొదటి పొరపాటు ఇదే.

లెక్క తేల్చడానికి రోవర్ ముందుగా కోడ్‌ను, అంటే సిగ్నల్‌తో వచ్చే సున్నాలు, ఒకట్ల వరసను, వాడుతుంది. కోడ్‌లో ఒక్కో ముక్క 977 నానోసెకన్లు, అంటే 293 మీటర్లు. అందులో నూరో వంతు చదివినా మూడు మీటర్ల తేడా మిగులుతుంది. అందుకే ఎల్2 అనే రెండో సిగ్నల్‌ను, 24.4 సెం.మీ. అలను, తోడు తెచ్చుకుంటుంది. రెండింటి తేడా తీస్తే 86 సెం.మీ. పొడవున్న పెద్ద లింకు దొరుకుతుంది. పెద్ద లింకులు లెక్కించడం తేలిక. అక్కణ్ణుంచి చిన్నవాటికి దిగుతుంది.

గడియారాల సంగతి ఇంకా గొప్పది. అక్కడ గురుత్వం తక్కువ కాబట్టి ఉపగ్రహంలోని అణు గడియారం మన గడియారం కంటే రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. వేగం వల్ల 7 వెనక్కి పడుతుంది. మిగిలింది 38. దాన్ని అలాగే వదిలేస్తే ఒక్క రోజులో 11 కి.మీ. తప్పు పేరుకుంటుంది. అందుకే ఆ గడియారం పౌనఃపున్యాన్ని 10.23 మెగాహెర్ట్జ్‌కు బదులు 10.22999999543కి సరిచేసి పైకి పంపుతారు. రోవర్‌లో ఉన్నది మామూలు క్వార్ట్జ్ గడియారం. చోటు చెప్పే మూడు సంఖ్యలతో పాటు దాని తప్పును నాలుగో తెలియని సంఖ్యగా పట్టుకుంటారు, కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలనేది అందుకే. బేస్ (తెలిసిన చోట కదలకుండా ఉంచిన రెండో యంత్రం), రోవర్ రెండూ ఒకే ఉపగ్రహాలను చూస్తుంటే, కొలతలు ఒకదానిలోంచి ఒకటి తీసేసినప్పుడు గడియారాల తప్పులు చాలామటుకు కొట్టుకుపోతాయి.

తప్పులు ఎక్కువగా కిందనే వస్తాయి. చీనీ తోటలో ఆకులు సిగ్నల్‌ను తెంపుతాయి. తెగి మళ్లీ కలిసినప్పుడు లింకుల లెక్క పోతుంది. రేకుల షెడ్డు పక్కన సిగ్నల్ తగిలి తిరిగి వస్తుంది. 30 సెం.మీ. చుట్టు తిరిగితే ఒక నానోసెకను ఆలస్యం. చుట్టు పెద్దదైతే కోడ్ కొలత మీటర్ల లెక్కన చెడుతుంది, అల కొలతలో పావు అల దాకా, అంటే 4.8 సెం.మీ. దాకా తేడా రావచ్చు. తెరమీద మాత్రం ‘ఫిక్స్’ అనే ఉంటుంది. ఇక 2 మీటర్ల కర్ర ఒక్క డిగ్రీ వాలితే 3.5 సెం.మీ. తప్పు. పికోసెకన్లలో చదివిందంతా బుడగ దగ్గరే పోతుంది.

పని మొదలుపెట్టేముందు కోఆర్డినేట్లు తెలిసిన సర్వే రాయి మీద కొలవండి. రెండు మూడు సెం.మీ. లోపు కుదరాలి. వందల కిలోమీటర్ల తేడా చూపిస్తే అది కాలం లెక్క తప్పు కాదు, యూటీఎం జోన్ (మ్యాపు లెక్కల కోసం భూమిని 6 డిగ్రీల చొప్పున విడగొట్టిన నిలువు పట్టీ) తప్పు. 43, 44 జోన్లను విడదీసే 78 డిగ్రీల రేఖాంశం మన సీమ మీదుగానే పోతుంది: గుత్తి 43లో, కర్నూలు 44లో. బేస్ 10 కి.మీ. లోపు ఉంటే మేలు. మామూలు రోవర్ల తేడా 8 మి.మీ., దానికి తోడు కిలోమీటరుకు ఒక మి.మీ. దిగంతానికి 15 డిగ్రీల లోపున్న ఉపగ్రహాలను వదిలేయండి. ప్రతి హద్దు పాయింటునూ 30 సెకన్లు తీసి, యాంటెన్నాను కిందికి తిప్పి ఫిక్స్ పోగొట్టి, మళ్లీ ఫిక్స్ వచ్చాక ఇంకోసారి తీయండి. అరగంట తర్వాత మూడోసారి తీస్తే ఉపగ్రహాలు జరిగి ఉంటాయి కాబట్టి ఆ కొలతకు విలువెక్కువ.

వేళ కూడా చూసుకోవాలి. అయనోస్ఫియర్ (పై వాతావరణంలోని విద్యుదావేశపు పొర) వల్ల సిగ్నల్‌కు కలిగే ఆలస్యం మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఎక్కువ. అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ భారతం కొస మీదుగా పోతుంది కాబట్టి మార్చి, సెప్టెంబరు నెలల అటూఇటూ పొద్దుగూకాక సిగ్నల్ మిణుకుతుంది, ఫిక్స్ ఊరికే జారిపోతుంది. గొడవ ఉన్న గట్టైతే పొద్దున్నే కొలవండి.