బరంపురంలో మా ముసలి కంప్యూటర్‌

మా బరంపురం ఇంట్లో నాలుగు కెమెరాల రికార్డింగంతా 2011 నాటి ఇంటెల్ ఐ5-2400 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ మీదే లాక్కొస్తున్నా, మొన్న వానల్లో కరెంటు పోయి వచ్చాక చూస్తే పాలబ్బాయి సైకిల్ సగం గేటులో ఫ్రీజయిపోయి ఉంది, సీపీయూ 98 శాతం. కెమెరాలు హెచ్.265కి (వీడియోని బాగా కుదించే పద్ధతి) మార్చింది నేనే, హార్డ్‌వేర్‌లో అది పూర్తిగా డీకోడ్ చేయడం (కుదించింది మళ్ళీ విప్పడం) ఇంటెల్‌లో ఆరో జనరేషన్ నుంచే కదా, ఇదేమో రెండోది, ఆ పనంతా సీపీయూ మీదే పడింది, పాపం దీని తప్పేముంది. మూత తీస్తే ఫ్యాన్ నిండా బూజు, మూల్లో బల్లి గుడ్డు పెంకు కూడా!

సెకండ్‌హ్యాండ్‌లో ఎనిమిదో జనరేషన్ ఐ5-8500 కంప్యూటర్ తెచ్చి, విండోస్ ఎస్ఎస్‌డీలో, రికార్డింగ్ 4 టీబీ సర్వైలెన్స్ హార్డ్‌డిస్క్‌లో పెట్టా. కెమెరాకి 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్లు) అంటే రోజుకి దాదాపు 22 జీబీ, నాలుగింటికీ కలిపి నెలన్నర ఆగుతుంది. పాతదాన్ని పారేద్దామంటే అమ్మ "బాగానే ఉంది కదరా" అని దాని మీద ఊరగాయ జాడీ పెట్టేసింది.