మాటల్లోని నియమం, అక్షరాల్లోని సూత్రం

ఈ పూటంతా ఒక్క వాక్యాన్ని అక్షరాల సూత్రంగా మార్చడంలోనే గడిచింది. క్రీ.శ. 628 నాటి గణిత, ఖగోళ గ్రంథం బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో చతుర్భుజ వైశాల్యానికి బ్రహ్మగుప్తుడు చెప్పిన నియమం అది. సారం ఇంతే: భుజాల మొత్తంలో సగాన్ని నాలుగు చోట్ల వేసుకో, ఒక్కో చోట ఒక్కో భుజం తీసేయ్, మిగిలినవాటిని గుణించి వర్గమూలం కట్టు.

భుజాలు వరసగా క, గ, చ, జ అనుకుంటే, స = (క + గ + చ + జ) ÷ 2. ఇక్కడ బ్రాకెట్ వదిలేస్తే జ ఒక్కటే సగమవుతుంది. 3, 4, 3, 4 దీర్ఘచతురస్రంలో 7 రావలసిన స 12 అయి, వైశాల్యం 12 బదులు 72 తేలుతుంది. ‘నాలుగు చోట్ల’ అన్నారు కదా అని 4స రాసేవాళ్లూ ఉంటారు. గుణించమని కాదు, నాలుగు కారణాంకాలు రావాలని.

వైశాల్యం = √[(స − క)(స − గ)(స − చ)(స − జ)]

మూలం గుర్తు నాలుగింటినీ కప్పాలి. నాలుగు పొడవుల లబ్ధానికి మూలం కడితేనే చదరపు ప్రమాణాలు వస్తాయి.

సమాంతర భుజాలు 10, 4, పక్క భుజాలు ఐదేసి ఉన్న ట్రెపీజియంతో సరిచూడొచ్చు. స = 12; 2 × 7 × 8 × 7 = 784; మూలం 28. ఎత్తు 4 కాబట్టి మామూలు లెక్కలోనూ అంతే. ఎదురెదురు భుజాల సగటులను గుణించమని అదే శ్లోకంలో ఉన్న స్థూల పద్ధతి మాత్రం 7 × 5 = 35 ఇస్తుంది. జ = 0 పెడితే త్రిభుజ సూత్రం దానంతటదే వచ్చేస్తుంది: 3, 4, 5 కి 6.

అసలు చిక్కు మాటల్లో లేని షరతు. భుజాలన్నీ 5, కర్ణాలు 6, 8 ఉన్న సమచతుర్భుజం వైశాల్యం 24. సూత్రం 25 అంటుంది. నాలుగు శీర్షాలూ ఒకే వృత్తం మీద ఉంటేనే, అంటే ఎదుటి కోణాల మొత్తం 180 డిగ్రీలైతేనే, ఇది చెల్లుతుంది. ఈ షరతును సూత్రం పక్కనే రాసుకోవాలి. ఏ కుంభాకార చతుర్భుజానికైనా పనికిరావాలంటే, మూలం లోపల క × గ × చ × జ × కొసైన్ వర్గం తీసేయాలి. ఆ కొసైన్ కట్టాల్సిన కోణం, ఒక జత ఎదుటి కోణాల మొత్తంలో సగం. మన సమచతుర్భుజంలో ఆ కొసైన్ 7/25. 625 − 49 = 576, మూలం 24.